నౌకర్ల మెట్లు

ఇంగ్లండు పల్లెలో ఒక పాత దొరల భవంతి ఉంది. ఇప్పుడది హోటల్. యజమాని దోహాలో ఉంటాడు కనుక మరమ్మతుల డ్రాయింగులు ఇక్కడ దోహాలోని మా ఆఫీసులోనే తయారవుతున్నాయి. ఏడాదిగా ఆ ఇంటిని గీస్తున్నాను. నిలువెత్తు కిటికీలు, హాల్లో మొదలై రెండు పాయలుగా చీలి పైకి వెళ్ళే చెక్క మెట్లు, గోడ వెనక ఒక్క మనిషి పట్టేంత ఇరుకున నౌకర్ల మెట్లు. ఇవేవీ కంటితో చూడలేదు.

చూసినవాడు నా తోడల్లుడు. ఆ యజమాని ఇంట్లోనే వంటవాడు. ప్రతి వేసవీ ఆ కుటుంబంతో వెళ్ళి, ఆ భవంతి పై అంతస్తులో పడుకుని వస్తాడు.

ఈసారి తిరిగొచ్చాక శుక్రవారం దోహా శివారు ఐన్ ఖాలిద్‌లోని మా ఇంటికి భోజనానికి వచ్చాడు. పుట్టుకతో ఎవడూ గొప్పవాడు కాడని నేను గంటసేపు చెప్పినా వినని మావాళ్ళు, అతను అక్కడి వాన గురించి చెబుతుంటే నోళ్ళు తెరుచుకుని విన్నారు. నా భార్య అతనికే రెండోసారి పప్పు వడ్డించింది.

"ఆ పెద్ద మెట్ల చెక్క ఏ రంగు?" అన్నాను.

"ఏమో అన్నయ్యా, వాటిమీద మమ్మల్ని ఎక్కనివ్వరుగా. మాకు గోడ వెనకాల వేరే ఉన్నాయి. పైనుంచి యల్లా యల్లా, త్వరగా రమ్మని అరుస్తుంటారు, ట్రే పట్టుకుని ఎక్కేసరికి మోచేతులు గీసుకుపోతాయి."

"సిగ్గనిపించదా నీకు? నౌకరు మొహం దొరకి కనపడకూడదని కట్టిన మెట్లవి!"

"ఇరుకైనా మెట్లేగా. మీరు అక్కడ ఏ మెట్లు ఎక్కారేంటి?"

నా భార్య నవ్వేసింది.

ఆ వారమే ఆఫీసులో లిఫ్టు చర్చ వచ్చింది. దుప్పట్ల గదిలో పెట్టాలా, నౌకర్ల మెట్లు తీసేసి అక్కడ పెట్టాలా? నేను లేచాను. మనుషుల్ని దాచే మెట్లను చరిత్ర పేరుతో కాపాడటం అన్యాయమన్నాను. సమానత్వం గురించి సభల్లో నేర్చిన వాదనంతా కుమ్మరించాను. అందులో ప్రతి మాటా నిజమే. కానీ మాట్లాడినంతసేపూ నా కళ్ళముందు ఆ మెట్లు ఎక్కుతున్న తోడల్లుడే ఉన్నాడు. యజమాని ఒప్పుకున్నాడు. ఒక్కో గీత చెరుపుతుంటే నా కడుపు చల్లబడింది.

మరుసటి శుక్రవారం ఆగలేకపోయాను. "నీ మెట్లు తీసేస్తున్నారు. అక్కడ అతిథులకు లిఫ్టు వస్తుంది."

అతను ముద్ద ఆపాడు. "మరి మేం?"

అంతలోనే అతని మొహం విచ్చుకుంది. "అంటే ఇక మిగిలింది పెద్ద మెట్లేగా! వదినా, విన్నారా? అన్నయ్య నన్ను దొరల దారిన పెట్టారు!"

నా భార్య నా వంక గర్వంగా చూసింది. ఇన్నేళ్ళలో నా వాదం ఒక మనిషికి మేలు చేయడం ఇదే మొదలు. ఆ మనిషి ఇతనే కావాలా? పెరుగన్నంలో ఇంకాస్త ఉప్పు కలుపుకున్నాను.

"ఆ చెక్క రంగేంటో వచ్చే వేసవిలో చూసొచ్చి చెప్తాలెండి," అన్నాడు.