దీపాలవేళ ఉప్పు

కష్టకాలంలో మనసు ఎలా నిలబెట్టుకోవాలో చెప్పేవాళ్ళకి మా ఇంట్లో కొదవలేదు. మా ఆయన ఒక్కరు చాలు. జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతారు. ఈమధ్య ఫోన్‌లో ఎవరో పెద్దమనిషి ఉపన్యాసాలు విని, మన చేతిలో ఉన్నదేంటి, లేనిదేంటి అని ప్రపంచాన్ని రెండు వాటాలు వేశారు. చెయ్యాల్సిన పనులన్నీ ఎప్పుడు చూసినా ఆ రెండో వాటాలోనే ఉంటాయి. గ్యాస్ బండ, కారే కుళాయి, వాళ్ళ అన్నగారితో గోడ తగాదా, అన్నీ.

మొన్నటి తుపానప్పుడు మా వడ్లు కూడా అందులోకే పోయాయి. కోత మిషను దొరకడమే గగనమై, దొరికిన రోజున కోయించాం. ఆ సాయంత్రమే ముసురు పట్టింది. మండపేట మిల్లుకి వెళ్ళాల్సిన ధాన్యం మా దొడ్లో కుప్పగా ఉండిపోయింది. బరకాలు కప్పాం గానీ, గాలికి ఒకటి లేచిపోయి ఓ పక్కంతా తడిసింది. మూడోనాటికి కుప్పలో చెయ్యి పెడితే జ్వరమొచ్చిన పిల్లాడి వీపులా కాలింది. వడ్లు అలా వేడెక్కాయంటే మర్నాటికి మొలకే. మొలకొచ్చిన ధాన్యం వైపు మిల్లువాళ్ళు కన్నెత్తి కూడా చూడరు. ఏడాది కష్టం కోళ్ళకి పోసుకోవాలి.

"ఆందోళన పడితే ఆరతాయేంటోయ్?" అన్నారాయన అరుగు మీద కూర్చుని.

"మీ ప్రశాంతతకి ఆరతాయేమో, వెళ్ళి కాసేపు కుప్ప పక్కన కూర్చోండి," అన్నాను.

ఈలోగా పరామర్శలు. గొడుగులేసుకుని మరీ వచ్చారు చుట్టాలు. అంతా మన మంచికే అని ఒకరు, ఇంతకంటే పోగొట్టుకున్నవాళ్ళు లేరా అని ఇంకొకరు. అందరికీ కాఫీలు. పాలు అయిపోయాయి గానీ వేదాంతం అవలేదు.

తడి ధాన్యంలో ఉప్పూ పొడి ఊకా కలిపితే మొలక ఆగుతుంది. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు, అందుకే ఏ కొట్టులోనూ ఉప్పు లేదు. ఊక మా పాకలో ఉంది. ఉప్పు మూటలున్నది ఒక్కచోటే. కొబ్బరిచెట్ల మొదళ్ళలో వెయ్యడానికి మా బావగారు తెప్పించుకున్నవి. ఇల్లు పక్కదే, కానీ గోడ తగాదా మొదలైనప్పట్నుంచీ మా తోటికోడలికీ నాకూ మాటల్లేవు. పౌరుషం నాకు కాస్త ఎక్కువే. దాన్ని చూసి వడ్లు ఆగవు కదా. వెళ్ళాను.

తీరా వెళ్ళేసరికి ఆవిడ దీపం పెడుతోంది. సంగతి చెప్పాను. దీపాలవేళ ఉప్పు గడప దాటిస్తే లక్ష్మి వెళ్ళిపోతుంది, పొద్దున్న రమ్మంది.

"పొద్దున్న దాకా మొలకెత్తొద్దని మీరే వచ్చి వడ్లకి చెప్పండి, అక్కయ్యా."

"డిగ్రీ చదివిన నోరు మరి. ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయని ఆ చదువులో చెప్పలేదా?"

"మనకి కొత్తగా రావాల్సిన తగువులేం మిగిలాయండీ?"

ఆవిడ మూతి బిగించింది. ఆపుకున్నది నవ్వో, కోపమో తెలీదు. వాళ్ళ పాకలోకి వెళ్ళి, రెండు ఉప్పు మూటలు ఒకదాని తర్వాత ఒకటి ఈడ్చుకొచ్చి, వాకిట్లో పడేసింది.

"నేనెవరికీ ఇవ్వలేదు. నా మూటలు నా వాకిట్లో పెట్టుకున్నాను," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ ఇవ్వలేదు, నేను తెచ్చుకున్నాను. ఆ వారంలో నేను విన్న వేదాంతాలన్నిట్లోకీ పనికొచ్చింది ఇదొక్కటే, పైగా దీనికి కాఫీ కూడా అడగలేదు.

ఉప్పూ ఊకా కలుపుతూ కుప్పంతా తిరగేశాం. మా ఆయనా పార పట్టారు, పట్టలేదని అనకూడదు. కాకపోతే నాలుగు పారలకోసారి నడుం సంగతి చెబుతూ పట్టారు. తెల్లారి చూస్తే తడిసిన పక్క తెల్లగా మొలక పొడిచేసి ఉంది. అది పోయినట్టే. మిగతా కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చాను. చల్లగా ఉంది. మళ్ళీ దూర్చి చూశాను, చల్లగానే ఉంది.

ఆ మర్నాడు ఎండొచ్చింది. రోడ్డు మీద వడ్లు ఆరబోశాం. గంట తిరక్కుండానే మా తోటికోడలు బయటికొచ్చి, మా వడ్లు తమ గేటుకి అడ్డమొచ్చాయని, కాస్త జరుపుకోడానికి కూడా మాకు రోగమా అని వీధంతా వినబడేలా అరిచింది. పోయిన వడ్లకైతే పరామర్శకొస్తారు గానీ, ఎవరూ అలా అరవరు. నేను నెమ్మదిగా జరుపుకున్నాను.