రెండేళ్ళు నన్ను పెద్దబడికి పోనివ్వని రాజవ్వ కొట్టం

మా చిన్నతనాన, నైజాం రోజుల్లో, సిద్దిపేటలో మా నేతగాళ్ళ వాడకు పడుగుతోనే తెల్లారేది... వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా నూలు పోగులు సాగదీసి గంజి పట్టించేవాళ్ళు.

ఆ పోగుల్లోకి పాకే పిల్లలు దూరితే ఇంకేముంది... తెగినవి అతకడానికే పొద్దు గూకేది. ఆ బాధ పడలేకే వాడంతా కలిసి ఓ పాత పశువుల కొట్టం ఊడ్చి, పిల్లలందర్నీ అందులో పడేసింది. అదీ ఆ పిల్లల బడి పుట్టిన కథ! మొన్న దాని వార్షికోత్సవంలో ఎవరో మైకు పట్టుకుని "బాలల వికాసం కోసం మన పెద్దలు కన్న కల" అంటుంటే నాకు ఒళ్ళు మండింది. కలా లేదు, పాడూ లేదు. నూలు తెగకుండా ఉంటే చాలనుకున్నారు.

పిల్లల్ని చూసే పని రాజవ్వది. నా అన్నవాళ్ళు లేని ముసలామె. రోజుకో ఇంటి నుంచి వంతుగా జొన్న గట్క వచ్చేది... పిల్లలకూ ఆమెకూ అదే తిండి.

పేరుకు ఆమె. చేసేదంతా నేను! అయిదేళ్ళ పిల్లను పట్టుకుని, "లచ్చీ, ఎంతమంది ఉన్నరో లెక్కవెట్టు"... "లచ్చీ, గా పోరడు గడప దాటిండా సూడు"... "లచ్చీ, గట్కల పురుగేమన్న ఉన్నదా సూడు"... పొద్దంతా లచ్చీ, లచ్చీ అని నా ప్రాణం తోడేసేది.

నాకేమో పంతులుగారి పెద్దబడికి పోవాలని, పలక మీద రాయాలని. దానికి ఒకటే పరీక్ష... కుడిచెయ్యి తల మీదుగా వేస్తే ఎడమ చెవి అందాలి. దసరా రోజు పంతులు కొట్టానికి వచ్చి ఒక్కొక్కరినీ చూసేవాడు. అందితే పెద్దబడి, లేకుంటే మళ్ళీ కొట్టమే.

నాకు అందలేదు. మరుసటేడూ అందలేదు! నాకంటే చిన్నవాడు, ముక్కు తుడుచుకోవడం కూడా రానివాడు వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఉయ్యాల ఊపుతూ ఏడుస్తూ కూర్చున్నా.

మూడో దసరాకు ముందు ఓ రోజు తలంటు పోసుకుని, జుట్టు విరబోసుకుని ఊరికే చెయ్యి వేసి చూశా. చెవి మొత్తం చేతికి దొరికింది! అప్పుడు వెలిగింది నాకు... పరీక్ష పొద్దున రాజవ్వ పిలిచి మరీ నా తల దువ్వేది. నడినెత్తిన ఇంత లావు సిగ చుట్టేది. నా ఒక్కదానికే! చెయ్యి ఆ సిగ ఎక్కి దిగేసరికి చెవి అందేది కాదు.

ఆ దసరాకు పంతులు ఎదుటే నా సిగ పీకేసి, చెవి పట్టుకుని నిలబడ్డా. "సూడుండ్రి సారూ! గీమెనే నన్ను పోనిస్తలేదు!" అని అరిచా.

పంతులు నవ్వి, "రేపటి సంది బడికి రా బిడ్డా" అన్నాడు. రాజవ్వ నవ్వలేదు. "పోతవా లచ్చీ... పో" అంది, గోడ వైపు తిరిగి. నేను పట్టించుకోలేదు. గెలిచానన్న సంబరం నాది.

నెల తిరక్కుండానే ఓ పసివాడు గడప దాటి పడుగులో చిక్కుకున్నాడు. రాజవ్వ ఎదురుగానే కూర్చుని ఉంది, ఆపలేదు. అప్పుడు తెలిసింది వాడకు... ఆమెకు చూపు పోయి ఏళ్ళవుతోందని.

వేరే మనిషిని పెట్టారు. రాజవ్వకు గట్క ఆగింది. కోహెడలో దూరపు చుట్టాల దగ్గరికి పోయిందని మా అవ్వ చెప్పింది. ఆమె వెళ్ళేటప్పుడు నేను బళ్ళో ఉన్నాను.

ఇప్పటికీ ఆమె మీద కోపమే నాకు. ఒక్క మాట చెప్పొచ్చు కదా! "కండ్లు కనిపిస్తలేవు బిడ్డా" అంటే బడి వదలగానే పరిగెత్తుకొచ్చేదాన్ని కదా! నేనెక్కడ వాడంతా చాటుతానో అని భయపడి ఉంటుంది. ఏమో... ఆ కోపంలో చాటేదాన్నేమో కూడా.

ఇప్పుడు ఆ బడికి రెండంతస్తుల మేడ, గదికో ఆయమ్మ, గోడకు కెమెరా. తల్లులు పనిలో ఉంటూనే ఫోన్‌లో పిల్లల్ని చూసుకుంటున్నారు. మంచిదే.

మీ చిన్నప్పుడు మిమ్మల్ని చూసుకున్న మనిషి పేరు గుర్తుంటే కింద రాయండి. చివరికి ఆమెను ఎవరు చూసుకున్నారో కూడా రాయండి... నాకైతే తెలీదు.