నడి కొల్లేటి నీళ్లు

కరోనా రావడానికి ముందటి ఏడాది వేసవిలో కొల్లేరు అడుగుమట్టి తీయడానికి కైకలూరు వైపు వెళ్లాం. విజయవాడలో ఒక కాలేజీ ల్యాబ్‌లో నా ఉద్యోగం. సరస్సు అడుగున ఏటా కొంచెం కొంచెంగా పేరుకున్న మట్టిని పరీక్షించి, ఆ ఏళ్లలో నీళ్లు ఎలా ఉండేవో చెప్పడం నా పని. పటమటలో మా వీధివాళ్లు నన్ను "బురద మేడం" అంటారు. అననివ్వండి, అబద్ధమేం కాదుగా.

పొడవాటి గొట్టాన్ని బురదలోకి దించి, పొరలు చెదరకుండా మట్టిని పైకి తీస్తాం. దాన్ని కోర్ అంటాం. పైపొర కొత్తది, కిందికి వెళ్లేకొద్దీ పాతది. చేపల చెరువులు తవ్విన చోట పొరలన్నీ కలిసిపోతాయి, పనికిరావు. అందుకే పడవ నడిపే ఏడుకొండలుగారిని ఎవరూ తవ్వని చోటికి తీసుకెళ్లమన్నాను. అరవై దాటిన మనిషి. గడ వేసుకుంటూ నేరుగా నడి కొల్లేటికి తీసుకెళ్లి ఆపారు.

"ఇక్కడే తీయండి మేడంగారూ. ఇక్కడ పార పళ్లేదు."

"ఆ పక్కన లోతు తక్కువుందండీ, మాకు తేలిక."

"ఇక్కడే తీయండి."

నాకు ఒళ్లు మండింది. నెత్తిమీద ఎండ, పడవలో బరువైన సామాను, ఈయనగారి మొండితనం. కానీ కోర్ చక్కగా వచ్చింది, ఇంకేం అనను? తిరిగి వస్తుంటే ఆయనే అడిగారు.

"ఏ ఏడాది నీళ్లు ఎట్టా ఉండేయో ఇందులో తెలుద్దా అండీ?"

"కొంతవరకు తెలుస్తుందండి."

"మా పద్మ పోయిన ఏడాదివి?"

గడ వేయడం ఆపేసి చెప్పారు. అప్పట్లో ఊరంతా కొల్లేటి నీళ్లే తాగేవారు. ఒడ్డున బురద కాబట్టి తెల్లారగట్టే పడవ మీద నడి కొల్లేటికి వెళ్లి బిందెలు నింపుకునేవారు. అడుగున గవ్వ కనిపిస్తే మంచినీళ్లే అని వాళ్ల లెక్క. ఆ రోజూ ఆయనకు గవ్వ కనిపించింది. సాయంత్రానికి మూడేళ్ల కూతురు పద్మకి వాంతులు, విరేచనాలు. ఆసుపత్రికి చేరకముందే, పడవలోనే, ఆయన ఒళ్లోనే పోయింది.

"అప్పట్నుంచి మా ఆవిడ నన్ను నీళ్ల బిందె ముట్టుకోనివ్వదండి. ముప్పయ్యేళ్లు దాటింది. ఒక్క మాట అన్లేదు. నోరారా తిట్టినా బాగుండేది. ఆ నీళ్లు నేను తెచ్చింది ఇక్కణ్ణుంచే. ఏదొచ్చినా మా ఆవిడ ముందే చెప్పండి."

ఆయన మొండితనం అప్పుడు అర్థమైంది. నా విసుగంతా చచ్చిపోయింది.

నత్రజనిలో తేలికది, బరువైనది అని రెండు రకాలుంటాయి. వాటినే ఐసోటోపులు అంటాం. మురుగు, పశువుల పెంట చేరిన నీళ్లలో తేలికది ఎక్కువగా ఆవిరై పోతుంది, బరువైనది మిగిలి నాచులోకీ, నాచు చచ్చాక మట్టిలోకీ దిగుతుంది. అందుకని మట్టిలో బరువైనది పెరిగితే, పైన నీళ్లలో మురుగు కలిసిందని అనుమానిస్తాం. పొర వయసు తేల్చడానికి గాలి నుంచి రాలి, ఏళ్లు గడిచేకొద్దీ తరిగిపోయే ఒక రకం సీసం లోహాన్ని కొలుస్తాం. నాలుగైదేళ్లు అటూ ఇటూ కావచ్చు.

ఫలితం వచ్చేసరికి చలికాలం అయింది. కంప్యూటర్ మీద బరువైన నత్రజని గీత చూశాను. పద్మ పోయిన నాటి పొర కంటే చాలా కింద, అంటే అంతకుముందటి ఏళ్ల పొరల్లోనే గీత పైకి లేచింది. అటూ ఇటూ అనుకోవడానికి సందు కూడా లేదు. అంకెలు చూసి ఏడ్చే మనిషిని కాను, ఆ రోజు ఏడ్చాను. ఏమీ తేలలేదని చెప్పేస్తే పోలా అని కూడా అనిపించింది.

ఆదివారం చర్చి మానేసి వాళ్లింటికి వెళ్లాను. ఏడుకొండలుగారు గుమ్మంలో, ఆయన భార్య సుబ్బులుగారు పొయ్యి దగ్గర కూర్చున్నారు. ఇద్దరికీ వినబడేలా చెప్పాను. "ఆ ఏడాదికి ముందే నీళ్లు పాడవడం మొదలైందండి. మా విజయవాడ మురుగు కూడా బుడమేరు వాగులో పడి ఇక్కడికే వస్తుంది. అది కంటికి కనిపించేది కాదు, గవ్వ కనిపించినా సరే. కానీ పాపకి జబ్బు వాటివల్లే వచ్చిందా అంటే, మట్టి ఆ సంగతి చెప్పదు."

ఏడుకొండలుగారు తల వంచుకున్నారు. "నేనే తెచ్చా," అన్నారు.

సుబ్బులుగారు పొయ్యిలో పుల్ల ఎగదోశారు. తర్వాత పొయ్యి వైపే చూస్తూ అన్నారు.

"ఆ రోజు నీళ్లు వాసనొచ్చినయ్యి. నీతో అన్లా. పిల్ల దాహమని ఏడుస్తుంటే పట్టేశా. తెచ్చింది నువ్వైతే, తెలిసి తాగించింది నేను."

"మరి బిందె నన్నెందుకు ముట్టుకోనివ్వలేదే?"

"ఇంకోసారి ఏదన్నా అయితే తప్పు నాదే అవ్వాలని."

ముప్పయ్యేళ్లూ ఆయన దాన్ని శిక్ష అనుకున్నారు. దేవుడా, ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులు! సుబ్బులుగారు లేచి, మూలనున్న ఖాళీ నీళ్ల క్యాన్ తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"పోయి నీళ్లు పట్టుకురా. వచ్చిన మనిషికి మంచినీళ్లన్నా ఇయ్యలా."

ఆయన క్యాన్ పట్టుకుని బావురుమన్నారు. ఏడుస్తూనే వెళ్లారు.

మట్టి ఏం చెప్పిందో చెప్పడం నాకు చదువు నేర్పింది. ఏం చెప్పలేదో కూడా అంతే గట్టిగా చెప్పాలని ఆ ఇంట్లో నేర్చుకున్నాను. ఆ ఖాళీ వదిలాను కాబట్టే ఆవిడ నోరు విప్పిందేమో, తెలియదు.

ఏడుకొండలుగారు క్యాన్ భుజాన పెట్టుకుని తిరిగొచ్చారు. సుబ్బులుగారు గ్లాసులో నీళ్లు వంచి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అప్పుడు నా చేతికిచ్చారు.