పెదవి పేలినప్పుడు

జ్వరం తగిలితే చాలు, నాకు కింది పెదవి కుడిమూల పేలేది. ముందు రోజు చురచురలాడేది. మర్నాటికి ఆవగింజలంత నీటిపొక్కులు గుంపుగా లేచేవి. మూడు నాలుగు రోజులకు అవి చితికి పక్కు కట్టేవి. మా ఇంట్లో దానికి పేరు వేడి. మా అమ్మ వెన్న రాసేది, సబ్జాగింజలు నానబెట్టి తాగించేది, ఎండలో తిరిగానని నాలుగు తిట్టేది. వారం పది రోజుల్లో అది తగ్గిపోయేది. వెన్న వల్ల తగ్గిందని అమ్మ, తిట్లకు భయపడి తగ్గిందని నేను అనుకునేవాళ్ళం. మా నాన్నగారికీ అంతే. ఊడ్పుల రోజుల్లో ఎండకు తిరిగొస్తే ఆయన పెదవీ పేలేది. తండ్రి పోలిక అనేవారు అందరూ.

పెళ్ళిచూపులకు సరిగ్గా రెండు రోజుల ముందు నాకది లేచింది. అద్దంలో మూతి చూసుకుని నేనే జడుసుకున్నాను. మా అమ్మ ఒక్క నిమిషం ఆలోచించింది. అమలాపురం అవతల నిక్షేపంలా ఉన్న ఒక దాయాదిని ఆ పూటకు చంపేసి, మాకు పది రోజులు మైల అని కొవ్వూరు కబురు పెట్టింది. పెళ్ళివారు ఆచారం తెలిసిన కుటుంబం కాబట్టి మారుమాట్లాడకుండా రోజు మార్చుకున్నారు. ఆ చచ్చిపోయిన దాయాది మా పెళ్ళికి వచ్చి, రెండు పూటలా మారు వడ్డించుకుని మరీ భోంచేశాడు. ఆయన చెయ్యి కడుక్కుని బస్సెక్కేదాకా అమ్మ పందిట్లో స్థిమితంగా నిలబడలేదు. అప్పగింతలప్పుడు ఏడుస్తూనే నా చెవిలో చెప్పింది: "పెదవి సంగతి అక్కడ ఎత్తకే. ఏం రోగమో అనుకుంటారు."

ఇది తొంభైల చివరి సంగతి. మా ఆయన రాజమండ్రిలో ఒక బ్యాంకులో గుమాస్తా. కాపురం కొవ్వూరులో, అత్తయ్యగారితో కలిసి. ఆయన రోజూ పొద్దున్నే బస్సులో వంతెన దాటి వెళ్ళి, దీపాలవేళకు వచ్చేవారు. అత్తయ్యగారు మంచి మనిషే గానీ, ఎంగిలి దగ్గర మాత్రం ఎవరినీ క్షమించేవారు కాదు. గ్లాసు పెదవికి తగలకూడదు, ఎత్తి పోసుకోవాలి. తిన్న కంచం తీసిన చేత్తో మంచినీళ్ళ బిందె తాకితే ఆ నీళ్ళన్నీ మొక్కలకే. అలాంటి ఇంట్లో మొగుడూ పెళ్ళాం ముద్దుపెట్టుకోవడమంటే సామాన్యమైన నేరం కాదు. అందుకే కాబోలు, మా ఇద్దరికీ అది అంత ఇష్టంగా ఉండేది.

ఆషాఢం పుట్టింట్లో గడిపి శ్రావణంలో వచ్చాను. భాద్రపదంలో ముసురు పట్టి జ్వరం తగిలింది. వెనకాలే పెదవి పేలింది. ఆయన నన్నలా చూడడం అదే మొదటిసారి.

"ఏంటది?" అన్నారు.

"వేడి చేసిందండి."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇంకేమీ అడగకుండా వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నారు. ఆ పది రోజులూ నాకు ఆమడ దూరంలో మసలారు. నా మూతి అంత వికారంగా ఉంది కదా అని సర్దుకున్నాను. పక్కు రాలిపోయింది, మచ్చ కూడా మాయమైంది. ఆయన మాత్రం దగ్గరకు రాలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తయ్యగారు గుళ్ళో పురాణానికి వెళ్ళారు. ఇక లాభం లేదని నేనే వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన కాసేపు ఇబ్బందిగా కదిలి, జేబులోంచి ఉతికిన రుమాలు తీసి, నాలుగు మడతలు పెట్టి నా పెదవుల మీద పరిచి, దాని మీద ముద్దుపెట్టారు.

"కాకి ఎంగిలి" అన్నారు, నవ్వబోతూ.

చిన్నప్పుడు బళ్ళో బిళ్ళలు పంచుకోవాలంటే చొక్కా అంచులో పెట్టి కొరికేవాళ్ళం. మధ్యలో గుడ్డ ఉంటే ఎంగిలి అంటదని పిల్లల లెక్క. దానికే కాకి ఎంగిలి అని పేరు. ఆ శాస్త్రాన్ని ఇరవై ఎనిమిదేళ్ళ బ్యాంకు ఉద్యోగి తెచ్చి కట్టుకున్న పెళ్ళాం మీద ప్రయోగించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రుమాలు ఆయన ఒళ్ళోకి విసిరేసి వంటింట్లోకి వెళ్ళి, అక్కర్లేకపోయినా కందిపప్పు ఏరుతూ కూర్చున్నాను.

రెండు రోజుల తర్వాత ఆయన చొక్కా నానబెట్టబోతే జేబులో ఒక కరపత్రం కనిపించింది. అప్పట్లో గోడల మీద, బస్టాండుల్లో ఎక్కడ చూసినా ఎయిడ్సు బోర్డులే. వాళ్ళ బ్యాంకులోనూ ఎవరో వచ్చి క్లాసు చెప్పి, సుఖవ్యాధుల గురించి ఆ కాగితం పంచారు. అందులో పెదవుల మీద, నోట్లో పుండ్లు అన్న చోట పెన్సిలుతో గీత గీసి ఉంది. అయితే ఈయన నన్ను అనుమానిస్తున్నారన్నమాట. పెళ్ళికి ముందు నాకు ఏదో కథ ఉందని, ఆ రోగం పెదవి మీద బయటపడిందని అనుకుంటున్నారు. నాలుగు నెలల కాపురం అక్కడితో సరి అనుకున్నాను.

చిన్నప్పటినుంచీ వస్తుందండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ మాట అంటే పెళ్ళిచూపులనాటి మైల గుట్టు బయటపడుతుంది. మా అమ్మ అబద్ధమాడిందని అత్తవారింట్లో తెలిసిపోతుంది. అందుకని ఆ మాట మింగేసి, కోపం మాత్రం బయటపెట్టాను.

"నా మీద అనుమానముంటే సూటిగా అడగండి" అని కరపత్రం ఆయన ముందు పెట్టాను.

"నీ మీద కాదు" అని ఏదో చెప్పబోయారు. ఇంతలో అత్తయ్యగారు మడిబట్టతో వసారాలోకి వచ్చారు. ఆయన గొంతు తగ్గించి, "శనివారం మధ్యాహ్నం రాజమండ్రి రా. అక్కడ ఒక డాక్టరుగారున్నారు, ఆయన్నే అడుగుదాం" అన్నారు.

ఆ ఉడుకుమోతుతనానికో ఏమో, శుక్రవారానికి పెదవి మళ్ళీ పేలింది.

డాక్టరుగారి గది ఒక బట్టల కొట్టు పక్కనుంచి మెట్లెక్కితే ఉంది. కింద చర్మ, సుఖవ్యాధుల నిపుణులు అని బోర్డు. పెయింటరు చర్మ అన్నది చిన్నగా రాసి, సుఖవ్యాధులు మాత్రం గోదావరి అవతలికి కనిపించేలా రాశాడు. నేను ముఖానికి పైట చుట్టుకుని, తల దించుకుని ఎక్కాను. పైన అందరూ నేలచూపులు చూస్తున్నారు. తామర ఉన్న అదృష్టవంతులు మాత్రం చొక్కా చేతులు పైకి మడిచి, తాము దేనికొచ్చారో అందరికీ తెలిసేలా కూర్చున్నారు. నాకు అంత కోపంలోనూ నవ్వొచ్చింది.

డాక్టరుగారు పెద్దాయన, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉన్నారు. టార్చి వేసి నా పెదవి చూశారు. నేను నోరు విప్పేలోగానే మా ఆయన అందుకున్నారు.

"ఇది నా వల్లే వచ్చిందండి."

నేను ఉలిక్కిపడి చూశాను. ఆయన చెమటలు పట్టిపోతూ బల్ల అంచు పట్టుకుని ఉన్నారు.

"పెళ్ళికి పదిహేను రోజుల ముందు స్నేహితులు యానాం తీసుకెళ్ళారండి. ఒక్క బీరు సీసా ఐదుగురం తిప్పుకుంటూ తాగాం. అందులో ఒకడికి నోటినిండా పుళ్ళు. వాడి తిరుగుళ్ళు మంచివి కావండి. ఆ జబ్బు నాకంటుకుని, నా నుంచి ఈవిడకి వచ్చింది. ఇంకా ఎక్కించకూడదని నేను దూరంగా ఉంటున్నానండి."

ఈయన బీరు తాగారన్న సంగతి నేను వినడం అప్పుడే. మామూలు రోజైతే పెద్ద గొడవే చేసేదాన్ని. కానీ ఇన్నాళ్ళూ నన్ను చూసి భయపడుతున్నారనుకున్న మనిషి నా కోసం భయపడుతున్నారని తెలిసి, ఆ బీరు సంగతి అక్కడే వదిలేశాను.

"ఎయిడ్సు ముద్దులతో రాదండి" అన్నారు డాక్టరుగారు, తొందర లేకుండా. "ఉమ్ముతో అది అంటదు. ఒకే సీసా తాగినా రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. ఇద్దరి నోళ్ళూ నెత్తురోడుతుంటే తప్ప దాని గురించి ఆలోచించక్కర్లేదు. అలాగని ముద్దుతో ఏ జబ్బూ రాదని నేననను. నోట్లో సిఫిలిస్ పుండు ఉన్న మనిషిని ముద్దుపెట్టుకుంటే అంటుకోవచ్చు. అది అరుదు. ఈ పొక్కులు అది కాదు, హెర్పిస్ అనే వైరసు. ఇది మాత్రం ముద్దుతో బాగా అంటుకుంటుంది. మీకెప్పుడైనా లేచిందా?"

"లేదండి" అన్నారు మా ఆయన.

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "నీకు ఇదివరకు వచ్చేదా అమ్మా?"

అమ్మ అప్పగింతలప్పటి మాట చెవిలో వినిపించింది. పక్కన మా ఆయన ముఖం చూశాను. చెయ్యని తప్పుకు రెండు నెలలుగా ఈ మనిషి తనని తాను తిట్టుకుంటున్నారు. నా ఒక్క మాటతో పోయేదాన్ని నేను దాచిపెట్టి, పైగా కోపం నేను తెచ్చుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"చిన్నప్పటినుంచీ వస్తుందండి. మా నాన్నగారికీ వస్తుంది. పెళ్ళిచూపులప్పుడూ వస్తే, మైల అని చెప్పి దాచాం."

మా ఆయన బల్ల అంచు వదిలేసి నా వైపు తిరిగారు.

"అయితే మీ నాన్నగారు పసితనంలో ముద్దాడి ఉంటారు" అన్నారు డాక్టరుగారు. "చాలామందికి ఇది అలాగే వస్తుంది. ఒంట్లో పడుకుని ఉంటుంది, జ్వరమొస్తే, ఎండ తగిలితే లేస్తుంది. రేపు మీకు బిడ్డ పుడితే, పొక్కులున్న రోజుల్లో ముద్దుపెట్టుకోకమ్మా. పురిటిబిడ్డకి ప్రమాదం."

"గుడ్డ అడ్డం పెట్టుకుంటేనండి?" అన్నారు మా ఆయన, చాలా మెల్లగా.

"గుడ్డేంటి?" అన్నారు డాక్టరుగారు. నేను పైట నోటికి అడ్డం పెట్టుకున్నాను. "గుడ్డ తడిస్తే ఇంకేం ఆపుతుందండి? అవన్నీ నమ్ముకోకండి."

ఇక అసలు ప్రశ్న మిగిలింది. అది నేనే అడగాలి. "ఇది ఈయనకి కూడా వస్తుందాండి?"

"రావచ్చు. పొక్కు లేచిన దగ్గర్నుంచి పక్కు రాలి మామూలు చర్మం వచ్చేదాకా ముద్దులు వద్దు. మిగతా రోజుల్లో భయం తక్కువ. అసలు రాదని మాత్రం నేను రాసివ్వలేను. వచ్చినా ఇలా పెదవి పేలి తగ్గిపోతుంది. ఆపైన మీ ఇష్టం."

మా ఆయన వైపు చూసే ధైర్యం లేక బల్ల మీద మందుచీటీల కట్ట చూస్తూ కూర్చున్నాను. దాచిపెట్టి పెళ్ళి చేసుకున్నదాన్ని. ఇప్పుడు ఈయన మొహం తిప్పుకుని లేచి వెళ్ళిపోయినా అడిగే హక్కు నాకు లేదు.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "డాక్టరుగారూ, ఆ పక్కు రాలడానికి ఎన్నాళ్ళు పడుతుందండి?"

"వారం, పది రోజులు."

"అంటే, వచ్చే శనివారానికి పరవాలేదాండి?"

డాక్టరుగారు కళ్ళజోడు నుదుటి మీంచి దించి, మా ఆయన్ని అప్పుడు సరిగ్గా చూశారు. నాకు సంతోషంతో అక్కడే ఏడుపొచ్చేసింది.

అది గురువారానికే రాలిపోయింది. మేము మాత్రం శనివారందాకా ఆగాం.