ఆ కాగితాలు నావి కావు

లెక్చరర్ ఉద్యోగం ఆర్డరు చేతికొచ్చిన రోజు నేను ముందు ఇంటికి వెళ్ళలేదు. పవర్ హౌస్ స్టేషన్‌లో పాసింజరు దిగి నేరుగా ఉక్కు ప్లాంటు గేటుకి వెళ్ళాను. మా అయ్యకి ఆ వారం ఫస్ట్ షిఫ్టు. మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగాక సైకిళ్ళు వందలకొద్దీ ఒక్కసారే బయటికొస్తాయి. ఆయన పని బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల మీద మూతలు తీసి పెట్టడం. ఆ పనివాళ్ళందరూ షిఫ్టు దిగేసరికి ఒకే రంగులో ఉంటారు, మొహాన్ని బట్టి పోల్చుకోలేం. సైకిల్‌ని బట్టి పోల్చుకుని హ్యాండిల్ పట్టుకున్నాను. ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. యూనివర్సిటీలో, లెక్కల శాఖలో, రెండేళ్ళు ప్రొబేషను, ఆ తర్వాత పర్మినెంటు.

మా అయ్య సైకిల్ దిగాడు. పక్కనే వస్తున్న తన జోడీ పనివాణ్ణి, దుర్గ్ దగ్గరి పల్లెటూరి మనిషిని, ఆపి నేను చెప్పిందంతా హిందీలో మళ్ళీ చెప్పాడు. ప్రొబేషను అనే మాట రాక, ఇంకా పక్కా కాదు, పక్కా అవుతుంది అన్నాడు. మా వంశంలో సంతకం పెట్టడం నేర్చుకున్న మొదటి మనిషి మా అయ్య, అదీ ప్లాంటులో చేరడానికి. డిగ్రీ తెచ్చుకున్న మొదటివాణ్ణి నేను.

అప్పట్లో నా కడుపులో ఏ కబురూ నిలిచేది కాదు. రిజల్ట్స్ వచ్చినా, సీటొచ్చినా మేముండే మరోదా కాలనీలో మా వరసలోని చివరి క్వార్టరు దాకా వెళ్ళి చెప్పొచ్చేవాణ్ణి. శ్రీకాకుళం వాళ్ళకి తెలుగులో, బిహారు వాళ్ళకి హిందీలో. అలాంటివాడికి యూనివర్సిటీలో రహస్యంగా రాయడమనే విద్య మీద పాఠం అప్పగించారు.

అదేమంత గొప్ప ఏర్పాటు కాదు. ఎమ్మెస్సీ సిలబస్‌లో క్రిప్టోగ్రఫీ అని ఒక ఐచ్ఛికం పేపరు ఉండేది. చెప్పేవాడు లేక అది కాగితం మీదే ఉండిపోయింది. కొత్తగా చేరినవాణ్ణి కనక శాఖ హెడ్డుగారు నాకు తగిలించారు. మొదటి ఏడు ముగ్గురు విద్యార్థులు. వాళ్ళలో ఒకడు తన రైలు టైముకి కుదురుతుందని తీసుకున్నాడు. లైబ్రరీలో దాని మీద ఉన్నది ఒక్కటే పుస్తకం, అది కూడా హెడ్డుగారి ఇంట్లో ఉండేది. అయినా ఆ సబ్జెక్టు నన్ను పట్టేసుకుంది. ఆయన దగ్గరే పీహెచ్‌డీకి రిజిస్టరయ్యాను.

ఇంట్లో చెప్పాలి కదా. మా అయ్యకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. ఒక మాట పరాయివాడికి తెలియకుండా రాయాలంటే దానికి ఒక అంకెల వరస కలుపుతాం, ఆ వరస తిరిగి తిరిగి ఒకేలా వస్తే ఎవడో పట్టేస్తాడు, నీ షిఫ్టు లాగే, అన్నాను. కొన్ని వారాలు కనిపెట్టి చూస్తే నువ్వు ఇంట్లో ఎప్పుడుండవో ఏ దొంగైనా చెప్పగలడు. ఎన్నేళ్ళు కాపు కాసినా ఎవడూ పోల్చుకోలేని డ్యూటీ చార్టు తయారుచెయ్యడమే నా పని.

మా అయ్య బీడీ అయ్యేదాకా ఆలోచించాడు.

"అలాటి సార్టు ఎడితే మనిసి ఎప్పుడు తొంగోవాల్రా?" అన్నాడు. బీడీ నలిపేసి, "యూనియనోళ్ళు ఒప్పుకోరు" అని కూడా అన్నాడు.

నా అంకెల వరసలు ఎంత దూరం పోయాక మళ్ళీ మొదటికొస్తాయో చేత్తో లెక్క వెయ్యాలంటే నెలలు పట్టేది. యూనివర్సిటీలో కంప్యూటరు లేదు. ప్లాంటులో ఉంది, జీతాల బిల్లులు చేసేది. అక్కడ విజయనగరం వైపు ఆఫీసరు ఒకాయన ఉండేవారు. తెలుగువాళ్ళ లైబ్రరీలో పరిచయం. నా రాతలు తిరగేసి ముచ్చటపడ్డారు. అర్జీ పెడితే నాలుగు టేబుళ్ళు తిరిగి నీ పెళ్ళినాటికి జవాబొస్తుంది, మెషిను ఖాళీగా ఉన్నప్పుడు నేనే వేయించి పెడతాను, మీ నాన్నతో పంపించు, మీ నాన్నతోనే తెప్పించుకో, అన్నారు. ఎవరికీ చెప్పకు అని కూడా అన్నారు.

నేను రైల్లో సీజన్ టికెట్ల వాళ్ళకి చెప్పాను. స్టాఫ్‌రూంలో చెప్పాను. ప్లాంటు కంప్యూటరు నా లెక్కలు చేస్తోందని హెడ్డుగారికి కూడా చెప్పాను. ఆయన అప్పుడు నవ్వి ఊరుకున్నారు.

మా అయ్య కాగితాలు మోసేవాడు. లోపలికి నా ప్రోగ్రాం షీట్లు, బయటికి మెషిను అచ్చువేసిన కట్టలు. షిఫ్టు దిగి, చేతులు మోచేతుల దాకా తోముకుని, హిందీ పేపర్లో చుట్టి మరీ తెచ్చేవాడు. రెండు కట్టలు అలా వచ్చాయి. ప్రతి కట్టలోనూ పేజీలకు పేజీలు సున్నాలూ ఒకట్లూ తప్ప మరేం ఉండవు. ఇంట్లో నేలంతా పరుచుకుని చూసుకుంటుంటే, అమ్మ కాలు పడకుండా గోడవారగా నడిచేది.

మూడో కట్ట గేటు దాటలేదు.

సంచులు చూడటం గేటు దగ్గర మామూలే. ఇత్తడి ముక్కలు, రాగి తీగలు దాటిపోతాయని. ఆ రోజు గార్డుకి ఈ కట్ట దొరికింది. ఏమిటిదని అడిగాడు. చిత్తుకాగితాలు, పొయ్యి రాజెయ్యడానికి, అంటే కోప్పడి లాక్కుని వదిలేసేవాడు. మా అయ్య అలా అనలేదు. జోడీ పనివాడు తర్వాత మాకు చెప్పాడు. ఆయన నిటారుగా నిలబడి, తన కొడుకు యూనివర్సిటీలో మాస్టరనీ, ఇది రహస్యంగా రాసే విద్య అనీ చెప్పి, "ఇసే మేరే బేటే కే సివా కోయీ నహీ పఢ్ సక్‌తా" అన్నాడట. మావాడు తప్ప దీన్ని ఎవడూ చదవలేడని. ఆ మాట విన్నాక ఏ గార్డయినా ఊరుకోడు. అతన్ని నేనేనాడూ తప్పుపట్టలేదు. ఆ మాట మా అయ్యకి నేర్పింది నేను.

సాయంత్రం అయిదింటికి ఆయన సంచి లేకుండా వచ్చాడు. ఎవులిచ్చారని అడిగినారు, కింద పడుంటే నానే ఏరుకున్నానని సెప్పాను, అన్నాడు. ఆఫీసరుగారి పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆయనకి పిల్లలున్నార్రా."

"నీకున్నదేటి, మేకపిల్లేటి?" అంది అమ్మ.

ఆయన నావైపు తిరిగాడు. పర్సనెల్ ఆఫీసులో ఒక పెద్దమనిషి మంచిగా మాట్లాడాడట. ఇవి మా లెక్చరర్ పరిశోధన కాగితాలేనని యూనివర్సిటీ నుంచి ముక్క వస్తే, చెప్పకుండా తెచ్చినందుకు హెచ్చరికతో పోతుంది. మేమూ అక్కడికి రాసి అడుగుతున్నాం అన్నాడట. ఆ నెల్లోనే మా అయ్య పేరు ప్రమోషన్ లిస్టులో ఉంది. మూతల మీద నుంచి దిగి, పదిమందికి పని చెప్పే చోటికి. ఇరవై ఏళ్ళు ఆ వేడి మీద నడిచినవాడికి అది చిన్న సంగతి కాదు.

"నీ కాయితాలే కదేటి. నీయేనని రాసీ" అన్నాడు. అంతకన్నా తేలికైన పని లేదన్నట్టు.

నాలుగో రోజున హెడ్డుగారు పిలిచారు. టేబులు మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ప్లాంటు నుంచి వచ్చిన ఉత్తరం, రెండోది నా ప్రొబేషను ఫైలు. రెండేళ్ళూ ఆ నెలతో నిండుతున్నాయి. ఆయన గట్టిగా ఏమీ అనలేదు. ఇవి నీవని రాస్తే, బయట మెషిను వాడటానికి నీకు అనుమతి ఎవరిచ్చారని అడుగుతారు, దానికి నేను జవాబు చెప్పాలి, కమిటీ వచ్చేవారమే ఉంది, అన్నారు. ప్లాంటు కంప్యూటరు సంగతి మీకు నేను ముందే చెప్పాను కదా అని నోటిదాకా వచ్చింది. ఆయన తెల్లకాగితం ఒకటి నావైపు జరిపి, రెండు లైన్లు చాలు, నీ ఇష్టం, అన్నారు.

సదరు కాగితాలకూ నా పరిశోధనకూ ఏ సంబంధమూ లేదని ఇంగ్లీషులో రాశాను. ఒక్క కొట్టివేత కూడా లేదు. సంతకం పెట్టాను.

మా అయ్య పర్మినెంటు మనిషి, కాగితాల కోసం ఇంత పాతవాణ్ణి తియ్యరు, నాది మాత్రం ఇంకా పక్కా కాదు, ఇది పోతే ఇంకోటి దొరకదు. ఈ లెక్కంతా తిరుగు రైల్లో వేసుకున్నాను, సంతకం పెట్టాక. పెట్టే ముందు ఏ లెక్కా వెయ్యలేదు. భయం వేసింది, అంతే.

రాసిచ్చావేటి, అని ఇంటికి రాగానే మా అయ్య అడిగాడు. రాశాను అన్నాను. వీధి చివరి దాకా కబుర్లు మోసేవాణ్ణి, ఆ ఒక్క కబురూ ఎవరికీ చెప్పలేదు. ఇంక్వయిరీ రోజున ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, నూనె రాసి తల దువ్వుకుని వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. అప్పటికైనా చెప్పి ఉండొచ్చు. అడుగడుగుకీ ఇంకా టైముంది అనుకుంటూ ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూశాను.

సాయంగా వెళ్ళిన జోడీ పనివాడే జరిగింది అమ్మకి చెప్పాడు. ఉత్తరం ఇంగ్లీషులో చదివి హిందీలో చెప్పారట. మా అయ్యకి వినబడలేదనుకుని ఇంకోసారి చెప్పారట. నీ కొడుకు ఇవి తనవి కావంటున్నాడు, నువ్వు వాడివేనన్నావు, ఏమంటావు, అని అడిగారట. మా అయ్య ఆ కట్టకేసి చూసి, వాడు చదువుకున్నవాడు, వాడు రాసిందే నిజం, అన్నాడట. మరి ఎవరివి అంటే నాకు తెలియదన్నాడట.

పనిలోంచి తియ్యలేదు. అది వాళ్ళ దయే. లిస్టులోంచి పేరు తీసేశారు. ఆయన చేయిపట్టి పని నేర్పిన కుర్రవాడు ఆయన మీద మేస్త్రీ అయ్యాడు. ఆయన రిటైరయ్యేదాకా మూతల మీదే ఉన్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. తిడతాడని ఎదురుచూశాను. మజ్జిగ పొయ్యమని అమ్మనడిగాడు. అమ్మ వారం రోజులు నాకు కంచం పెట్టిందే గానీ ఒక్క మాట మాట్లాడలేదు.

నా ఉద్యోగం పక్కా అయింది.

ఆ కట్ట మళ్ళీ నా చేతికి రాలేదు. ఇంకో కట్ట అడిగే మొహమూ నాకు లేదు. ఆఫీసరుగారు లైబ్రరీలో ఎదురైతే పేపరు ఎత్తి పట్టుకునేవారు, తర్వాత బదిలీ అయి వెళ్ళిపోయారు. మొదటి రెండు కట్టలు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నా థీసిస్‌లో పెట్టడానికి వీల్లేదు. నావి కావని రాసిచ్చినవాణ్ణి. పట్టికలున్న అధ్యాయం మొత్తం తీసేసి ఒట్టి సిద్ధాంతాలు మిగిల్చాను. రెండేళ్ళలో అవ్వాల్సిన థీసిస్ ఎనభైల్లోకి ఈడ్చుకొచ్చింది. వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు వీటిని మెషిను మీద ఎప్పుడైనా సరిచూశారా అని అడిగారు. లేదన్నాను. హెడ్డుగారు నా పక్కనే కూర్చుని టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నారు.

ఈలోగా నా పేపరుకి గిరాకీ వచ్చింది. క్లాసులో ముప్ఫై మంది. కొత్త పాఠాలొచ్చాయి. సంతకం పెట్టినవాడు తర్వాత నాది కాదని అనలేకుండా అంకెలతో కట్టిపడేసే పద్ధతి వాటిలో ఒకటి. మొదటిసారి అది చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, "సర్, అప్‌నా సైన్ కౌన్ మనా కరేగా?" అని అడిగింది, తన సంతకాన్ని తనే ఎవరు కాదంటారని. ఉంటారమ్మా, అని బోర్డు వైపు తిరిగి మిగతా లెక్క పూర్తిచేశాను.

పీహెచ్‌డీ ఇచ్చినట్టు కాగితం వచ్చిన రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. మా అయ్య అప్పటికి రిటైరై ఏడాది. వాకిట్లో సైకిల్ బోర్లించి చైనుకి నూనె వేస్తున్నాడు. అయ్యా, ఈవేళ యూనివర్సిటీలో, అని మొదలుపెట్టాను. ఆయన నూనె చెయ్యి కొంచెం పైకెత్తాడు.

"నాకు సెప్పకు బాబూ. రేపెవులైనా ఒచ్చి అడిగితే నానొకటి సెప్తాను, నువ్వొకటి రాస్తావు. నాకెందుకు సెప్పు."

కోపంగా అనలేదు. పెడలు ఒకసారి చేత్తో తిప్పి, చైను కదలడం చూసి, ఇంకో రెండు చుక్కలు వేశాడు. ఎండలో ఒచ్చావు, లోనకెళ్ళు, అన్నాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. అమ్మకి చెప్పాను, బయటికి వినబడకుండా.