ఎనిమిదిమంది పట్టే టెంటు

కొత్తగా పెళ్ళయినవాళ్ళకు కాస్త ఏకాంతం కావాలన్న సంగతి మన పెద్దలకు తెలియదని ఎవరన్నారు? బాగా తెలుసు. అందుకే మూడు రాత్రులకు సరిపడా కొలిచి ఇచ్చేసి, ఇక జన్మలో మళ్ళీ అడగరాదన్నట్టు తలుపులు తీసేస్తారు. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్టు ఇంకా ఉండి, ఎండాకాలమంతా ఆ దారిలో మామిడిపండ్ల వాసన గుప్పుమనే ఆ రోజుల్లో నేను ఎల్బీనగర్‌కు కొత్తకోడలిని. గుంటూరు వైపు నుంచి కోచింగ్ కోసమని దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, ఉద్యోగం కంటే ముందు నల్గొండ కుర్రాణ్ణి సంపాదించుకున్న తెలివైనదాన్ని. (ఉద్యోగం కూడా వచ్చింది లెండి, కాకపోతే దానికి పరీక్ష రాయాల్సి వచ్చింది.) ప్రేమించి పెళ్ళి చేసుకుంటే ఇద్దరమే కబుర్లు చెప్పుకుంటూ బతికేయవచ్చని నా నమ్మకం. ఆ నమ్మకానికి అద్దె కట్టే స్తోమత లేక, అత్తవారి రెండు గదుల ఇంట్లో దిగాము.

ఇంట్లో మా అత్తమ్మ, బస్సు డ్రైవరుగా రిటైరైన మామయ్య, మేమిద్దరం. అది చాలదన్నట్టు మా అమ్మ మోకాళ్ళు చూపించుకోవడానికని వారం రోజులకు వచ్చి, ‘ప్రయాణాలు తగ్గించండి’ అని డాక్టరు అనగానే ఆయన మాట జవదాటకుండా మా దగ్గరే ఉండిపోయింది. దాంతో పంపకాలు వాటంతటవే జరిగిపోయాయి. ఆడవాళ్ళకు లోపలి గది, మగవాళ్ళకు కూలరున్న హాలు. మా ఆయన వాళ్ళ నాన్న గురక పక్కన, నేను మా అమ్మ మూలుగు పక్కన. మొగుడూ పెళ్ళాలం ఒక మాట చెప్పుకోవాలంటే నేను మిక్సీలో చట్నీ వెయ్యాలి, ఆయన మంచినీళ్ళ వంకన వంటింట్లోకి రావాలి. మా ఇంట్లో ఇడ్లీ లేని రోజు కూడా చట్నీ ఉండేది.

అలాంటి ఒక చట్నీ మధ్యలో మా ఆయన టెంటు మాట ఎత్తాడు. సెకండ్‌హ్యాండు కారు ఒకటి అప్పటికే కొన్నాము. పెద్ద అంబర్‌పేట్ దాటాక ఆయన స్నేహితుడికి మామిడితోట ఉంది. “శనివారం పొద్దుగాల పోయి ఆదివారం ఒద్దాం. టెంటు కొందాం, కార్ల ఏసుకొని పోదాం. మనిద్దరమే” అన్నాడు. ఆ ‘మనిద్దరమే’ చెవిన పడ్డాక నేను మిక్సీ ఆపడం మరిచిపోయాను. చట్నీ గంధమైపోయింది.

ఇక ఆయన పరిశోధన చూడాలి! ఉద్యోగంలో అంత శ్రద్ధ చూపించి ఉంటే ఈపాటికి కంపెనీకి అధిపతి అయ్యేవాడు. గుడ్డ ఎంత మందం, కుట్ల మీద టేపు ఉందా లేదా, కింద పట్టా అంచులు పైకి లేచి ఉన్నాయా, అన్నీ ఫోనులో చదివేశాడు. “మూడువేల మిల్లీమీటర్ల వాన ఆపుతదంట” అన్నాడు ఒకరోజు, ఆ వానని తనే కురిపించినంత గొప్పగా. (అది గుడ్డ ఎంత నీటి ఒత్తిడికి తట్టుకుంటుందో చెప్పే లెక్కట, వానకొలత కాదట. మాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. ఇద్దరం ఇంజనీరింగే చదివాము.) ఇద్దరు పడుకునే చిన్న టెంటు చాలనుకున్నాము. చాలడమేమిటి, నాకైతే అది రాజమహలే.

కొనడానికి దిల్‌సుఖ్‌నగర్ బయలుదేరుతుంటే అత్తమ్మ జాకెట్టు ముక్కలు కొనాలని కారెక్కింది. జాకెట్టు ముక్కలకు పూట పడుతుంది కదా, ఆలోపు మా పని అయిపోతుందని ఆమెను బట్టల కొట్లో వదిలి, ఆ వరసలోనే సూట్‌కేసులూ రెయిన్‌కోట్లూ అమ్మే దుకాణానికి వెళ్ళాము. దుకాణం ఆయన టెంటు విప్పి నేల మీద నిలబెట్టాడో లేదో, మా వెనక నుంచి “గిదేందిరా, కుక్కల గూడా?” అని వినిపించింది. ఆవిడ జన్మలో మొదటిసారి జాకెట్టు ముక్క మొదటి కొట్లోనే నచ్చిందట. నా తలరాత!

“తోటకు పోదామని, అమ్మా” అని మా ఆయన నసిగాడు.

“తోటకా? చెప్పవేందిరా మరి! మీ నాయన రిటైరైనకాడికెల్లి ఇల్లు కదల్లే. పాపం వదినె గూడ నాలుగు గోడల నడుమ పరేషాన్ అయితుంది. గిండ్ల అందరం ఎట్ల పడ్తం?”

ఒక్క ఊపిరిలో ఇద్దరం ఐదుగురం అయిపోయాము. ఆఫీసులో మేనేజరును ఎదిరించానని నా దగ్గర గొప్పలు పోయే మా ఆయన, టెంటు జిప్పు పట్టుకుని పైకీ కిందికీ లాగుతూ నిలబడ్డాడు. దుకాణం ఆయన సంతోషంగా నలుగురి టెంటు తెచ్చాడు. నలుగురంటే, అగ్గిపెట్టెలో పుల్లల్లా కదలకుండా పడుకునే నలుగురని దాని భావం. అత్తమ్మ చెప్పులు విప్పి, దుకాణంలోనే అందులోకి దూరి, అటొకసారి ఇటొకసారి దొర్లి చూసింది. “బియ్యం డబ్బ యాడ పెట్టాలె? స్టవ్వు యాడ పెట్టాలె? నిలవడి చీర కట్టుకునేటట్టు లేదు” అని తీర్పు చెప్పేసింది. ఎన్ని మిల్లీమీటర్లు చదివితే ఏం లాభం, అసలు కొలత మాకు తట్టనే లేదు.

చివరికి ఎనిమిదిమంది పట్టే టెంటు వచ్చింది. ముందు వరండాలాంటి చూరు, లోపల నిలువెత్తు, మధ్యలో తెర. ఆ తెర లాగితే రెండు గదులు! నా గుండె ఝల్లుమంది. ఒక గది పెద్దవాళ్ళకు, ఒక గది మాకు. “ఇదే తీసుకుందాం అత్తమ్మా, ఇదే బావుంది” అని నేనే ముందుపడి చెప్పాను. అడగకుండానే నోరు విప్పిన కోడలిని చూసి అత్తమ్మ మురిసిపోయింది.

ఇంటికి రాగానే మామయ్య పరీక్ష. “జిందగంత బస్సు నడిపిన, కురవని టాపు నేను చూడలే” అని మేడ మీద టెంటు వేయించి, నన్ను లోపల కూర్చోబెట్టి, ట్యాంకు పైపుతో నీళ్ళు కొట్టాడు. “చుక్క రాలిందా బిడ్డా?” అని బయట నుంచి కేక. రాలలేదు. జూన్ నెల ఎండలో జిప్పులన్నీ బిగించి కూర్చోబెడితే నా ఒంటి నుంచి కారిన చెమట తప్ప లోపల ఇంకే తడీ లేదు. అయినా నమ్మకం కుదరక లారీ మీద కప్పే టార్పాలిన్ పట్టా ఒకటి కూడా కారులో పెట్టించాడు.

శనివారం తోటకు చేరాము. గాలికి వీపు పెట్టి టెంటు వెయ్యాలని మా ఆయన ఫోనులో చదివింది వినిపిస్తుంటే, అత్తమ్మ అడ్డుపడింది. “తూర్పు మొఖం లేకుంట ఇల్లేందిరా?” ‘ఇల్లు కాదమ్మా, గుడ్డ’ అంటే వింటేనా! మా అమ్మ కూడా అందుకుంది. “వదినగారు చెప్పిందే నిజం అల్లుడు గారూ, నైరుతి మూసి ఉండాలి.” పప్పులో చింతపండు వెయ్యాలా వద్దా అన్న దగ్గర ఏనాడూ రాజీపడని ఇద్దరూ గుడ్డ ఇంటి వాస్తు దగ్గర ఏకమైపోయారు. అంతటితో అయిందా, కొత్త ఇల్లు కదా, వరండాలో గ్యాసు పొయ్యి పెట్టి పాలు పొంగించారు. పొంగిన పాలు తూర్పుకు పోయాయని ఇద్దరూ పొంగిపోయారు.

భోజనాలయ్యాక ఉరిమింది. సరిగ్గా నైరుతి నుంచే కొట్టింది వాన. తూర్పు గుమ్మంలో జల్లు పడలేదు. మా ఆయన చెప్పిన వైపూ, వాళ్ళమ్మ చెప్పిన వైపూ ఒకటేనని అప్పుడు తేలింది, కానీ ఆ ఘనతలో కొడుక్కి రవ్వంత వాటా కూడా దక్కలేదు. సరే, నా కళ్ళన్నీ తెర మీదే. అత్తమ్మ లేచి ఆ తెర బర్రున లాగింది.

“ఆడోళ్ళం గీ అర్రల, మొగోళ్ళు గా అర్రల. జర నడుము వాల్చుండ్రి.”

ఎనిమిదిమంది పట్టే టెంటు, మూడువేల మిల్లీమీటర్ల వాన ఆపే టెంటు, నేనే ఏరికోరి కొనిపించిన టెంటు! ఎల్బీనగర్ ఇంటిని మడతపెట్టి తోటకు మోసుకొచ్చినట్టయింది. నాకు ఏడుపొచ్చింది.

తెర అవతల నుంచి మా ఆయన “కారు అద్దాలు ఎక్కించలే, ఎక్కించి ఒస్తా” అని లేచాడు. (అద్దాలు ఎక్కించింది నేనే.) “తడిసిపోతారు, గొడుగు ఇచ్చొస్తాను” అని నేనూ లేచాను. ఇద్దరం పరుగెత్తి కారులో పడ్డాము. వాన హోరు తప్ప ఇంకేమీ లేదు. ఏడాదిగా దాచుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. కాసేపటికి ఆయన నా తడిచెయ్యి పట్టుకుని “మా ఇంట్ల నీకు మస్తు కష్టమైతుంది గద” అన్నాడు. అంతే, భోరున ఏడ్చేశాను. లేదు లేదంటూనే ఏడ్చాను. అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు.

ఆ హోరును కూడా దాటుకుని టెంటు నుంచి మా అమ్మ గొంతు వినిపించింది. “అల్లుడు గారు తడిసినట్టున్నారు, టీ ఇచ్చొస్తాను.” వెంటనే అత్తమ్మ గొంతు. “కూసో వదినె, యాడికి పోతవ్? వాన తగ్గనీ, ఆడనే ఉండనియ్.” వాన ఆ సాయంత్రం దాకా తగ్గలేదు, ఆవిడ ఒక్కరినీ బయటికి రానివ్వలేదు. అత్తమ్మకు అంతా తెలిసే అలా అందా, లేక టీ పొడి అయిపోతుందనా అన్నది నేను ఇప్పటికీ అడగలేదు.

ఇప్పుడు మీర్‌పేట్‌లో మాకు సొంత ఇల్లుంది. మా ఇద్దరికీ విడిగా గది, గదికి తలుపు, తలుపుకు గడియ. ఆ గదిలో మంచానికి అటువైపు ఆయన ఫోనూ, ఇటువైపు నా ఫోనూ. వాన పడితే నేను అరిచేది బట్టలు తియ్యమని. ఒక గొడుగు వంక దొరికితే చాలు, గుండె దడదడలాడుతూ వానలో పరుగెత్తిన ఆ పిల్లను తలుచుకుంటే జాలి పడాలి నిజానికి. జాలి రాదు. కుళ్ళు వస్తుంది.