చిరపుంజిలో నా ఫోను, కళ్ళంలో మా మిరపకాయలు

ఆ ఆదివారం పొద్దున మా ఊరి కళ్ళాల దగ్గరికి కొత్తోళ్ళెవరన్నా వచ్చుంటే, ఈ జనానికి వడదెబ్బ కొట్టిందనుకునేవాళ్ళు. మాడు పగిలే ఎండ. ఆకాశంలో మచ్చుకు మబ్బు లేదు. ఊరు ఊరంతా మాత్రం ఉరుకులు పరుగుల మీద మిరపకాయల రాశులకు పట్టలు కప్పతా ఉండారు. దీనికంతా మూలం ఎవరయ్యా అంటే, నేను. నేను చేసిందేందంటే, క్రికెట్ మీద బెట్టు కట్టాలనుకోవడం. కట్టడం గూడా కాదు, అనుకోవడమే.

మాది రాచర్ల పక్క పల్లె. గిద్దలూరులో కరెంటు మోటార్లకు వైండింగు చేసే షాపు నాది. మా బామ్మర్ది శీను మార్కాపురంలో సెల్‌ఫోన్లు అమ్ముతాడు. ముందురోజు షాపుకొచ్చి, "బావా, నీకున్న క్రికెట్ నాలెడ్జికి నువ్వీడ ఉండాల్సినోడివి కాదు" అన్నాడు. నా నాలెడ్జి ఏపాటిదంటే, నేను ఏ టీము గెలవాలని మొక్కుకుంటే ఆ టీముకు ఆ రోజు మూడినట్టే. అయినా పొగిడితే ఎవరికి చేదు? బెట్టు యాప్ ఎక్కించమని ఫోన్ ఇచ్చేసినా.

యాప్ తెరిచినామో లేదో, 'మీరున్న రాష్ట్రంలో ఈ ఆటకు అనుమతి లేదు' అని ఎర్ర అక్షరాలు పడినాయి. ఏ జిల్లా అని అడిగితే మేమే ఒక నిమిషం ఆలోచించుకొని చెప్తాం, మమ్మల్ని అన్నిసార్లు అటూ ఇటూ మార్చినారు. అట్లాంటిది ఆ యాప్, సందులో రేకుల షాపులో స్టూలు మీద కూర్చున్న నన్ను పట్టుకొని, నువ్వు ఫలానా రాష్ట్రంలో ఉండావురా అంటుంది. చట్టమంటే యాడనో కోర్టు బీరువాలో ఉంటదనుకున్నా. నా చొక్కా జేబులోకి వచ్చి కూర్చుంటదని తెలీదు.

ఇప్పుడైతే దేశమంతా ఆపేసినారంట. అప్పటికి మన దగ్గర నిషేధం, కొన్ని రాష్ట్రాల్లో ఇంకా లేదు. అందుకే శీను, "నువ్వు వేరే రాష్ట్రంలో ఉన్నట్టు ఫోన్‌ను నమ్మిస్తే సరిపోతది బావా. ఇంకో యాప్ ఉంది. ఊరి పేరు చెప్పు" అన్నాడు.

"బెంగుళూరు పెట్టు."

"ఆ ఊళ్ళో పోలీసోళ్ళు ఎక్కువ. ఎవరికీ తెలీని ఊరు చెప్పు."

నేను చూసిన ఊర్లే తక్కువ, ఎవరికీ తెలీనిది యాడ తెచ్చేది? తల గోక్కుంటుంటే, చిన్నప్పుడు సోషల్ సారు బెత్తంతో కొట్టి మరీ నేర్పించిన పేరొకటి గుర్తొచ్చింది. చిరపుంజి. ఆ ఊరు దేనికి పేరుపడిందో గుర్తుకు రాలేదు. దెబ్బలే గుర్తున్నాయి. పెట్టేసినాం. ఫోన్ మారు మాట్లాడకుండా నమ్మింది. బెట్టు రేపటి మ్యాచ్ మీద కడదాంలే అని ఇంటికి పోయినా.

తెల్లారి లేచేసరికి దిండు పక్కన ఫోన్ లేదు, ఇంట్లో నాయన లేడు. నా భార్య రమణమ్మ గోతాలు చంకన పెట్టుకొని ఉరుకుతా ఉంది.

"యాడికే?"

"ఇంకాసేపట్లో ఉరుములతో పెద్ద వానంట. నీ ఫోన్లోనే పడింది. నేనే చదివి మామకు చెప్పినా. మామ ఊరందరికీ చెప్పినాడు."

పోయినేడు ఇట్లనే ఫోన్ వాన చెప్తే, నాయన పట్టలు కప్పి పంట దక్కించుకున్నాడు. నవ్విన వాళ్ళ కాయలు తడిసి బూజు పట్టినాయి. అప్పట్నించి మా ఊళ్ళో నా ఫోనంటే పంచాంగం కంటే నమ్మకం.

"పైన ఊరి పేరు చూడలేదా?"

"వాన చూసినా గానీ ఊరెవరు చూస్తారు? నీ ఫోన్ నీ ఊరి సంగతి చెప్పక ఇంకెవరిది చెప్తది?"

కళ్ళం దగ్గరికి ఉరికినా. కాయలు ఇంకా సగమే ఎండినాయి. ఆ ఎండలో పట్ట కింద ఉంటే లోపలే ఉడికి, పొద్దు వాలేసరికి తెల్లబడతాయి. రంగు పోయిన కాయను ఎవరు కొంటారు? ఆ ఏడు మా నాయన కష్టమంతా ఆ రాశే.

"నాయనా, ఫోన్ తప్పు చెప్పినట్టుంది. పట్టలు తీసేయండి" అన్నా మెల్లగా.

పక్క కళ్ళం కోటయ్య మామ నవ్వినాడు. "పోయినేడు నేనూ ఇదే మాటన్నా అల్లుడా. గోతాలకు గోతాలు పారబోసుకున్నా. ఇంకో పట్ట ఉంటే ఇటెయ్."

నాయన ఆకాశం దిక్కు చూసినాడు. "గాలి చూస్తే వాన గాలి కాదు. మబ్బు మోడం లేదు. నా కళ్ళు లేదంటున్నాయి. అయినా నా కొడుకు ఫోన్ చెప్పినాక నా కళ్ళదేముంది?"

అరవై ఏళ్ళు ఆకాశం చదివిన మనిషి, నా మీద నమ్మకంతో ఆకాశాన్నే కాదన్నాడు. ఇంక దాచలేకపోయినా. బెట్టు, యాప్, చిరపుంజి, అన్నీ కక్కేసినా.

ముందుగా రమణమ్మ అందుకుంది. "అది తప్పని ఆ ఫోనుకు గూడా తెలిసిందే. నీకు తెలీలేదా?"

కోటయ్య మామ పట్ట లాగతా అరిచినాడు. "ఒరేయ్, తీయండ్రా. వాన మనకు కాదంట. మన అల్లుడు చిరపుంజి పోయినాడంట, వచ్చినాక కప్పుకుందాం."

పట్టలు తీస్తే కాయలు జ్వరమొచ్చిన ఒళ్ళులాగా వెచ్చగా ఉండాయి. నాయన ఒక కాయ తుంచి, వెలుతురుకు పట్టి చూసి, "రంగు చెడలేదు, పరపండి" అన్నాడు.

తిడతాడేమోనని తల వంచుకొని నిలబడినా. నాయన ఫోన్ రెండు చేతుల్తో పట్టుకొని చూస్తా ఉండాడు. అందులో ఇంకా వాన పడతానే ఉంది.

"ఆ ఊరు నిజంగా ఉందా?"

"ఉంది నాయనా."

"ఇప్పుడు, ఈ ఎండల్లో గూడా ఆడ పడతా ఉందా?"

"దానికి ఎండాకాలమైనా ఒకటేనంట."

చుట్టూ చేరిన వాళ్ళంతా ఫోన్లోకి తొంగి చూసినారు. బోరు మీద బోరు ఏసి, దుమ్ము తప్ప తడి చూడని మనుషులు. ఎవరూ నవ్వలేదు. కోటయ్య మామ గూడా. చివరికి నాయనే అన్నాడు.

"అంత వాన పడితే, ఆ జనం పాపం మిరపకాయలు యాడ ఎండేసుకుంటార్రా?"

బెట్టు యాప్ ఆడికాడనే తీసేసినా. ఊరు మార్చే రెండోది గూడా తీయబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు. "అది ఉండనీ."

ఇప్పుడు రోజూ పొద్దున్నే టీ తాగతా, మా పెద్దోళ్ళంతా నా ఫోన్ చుట్టూ చేరి చిరపుంజిలో వాన చూస్తా ఉంటారు. మా ఊళ్ళో వాన ఉందో లేదో కావాలంటే నేను బయటికొచ్చి, తలకాయెత్తి చూసుకుంటున్నా.